మిగిల్చిన డబ్బు ఎవరిది?

ఏటా మే నెల మూడో వారానికి అటూ ఇటూగా మన పత్రికల్లో ఒక వార్త వస్తుంది: నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయని. ఎండలకు వేగిపోయి ఉన్న మనకు అది చల్లని కబురు. అండమాన్ తర్వాత కేరళ, ఆ తర్వాత రాయలసీమ, ఆపైన మనం అని వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటాం. చిన్నప్పటి నుంచీ ఆ వార్త చదువుతూ పెరిగినవాణ్ణి. బళ్ళో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పే పంతుల్ని. రుతుపవనాలు ఎటు నుంచి వస్తాయో పటం మీద బాణాలు గీసి మరీ చెబుతాను. అలాంటి నేను, సరిగ్గా ఆ రోజుల్లోనే, భార్యనూ కూతుర్నీ డెబ్బై దాటిన నాన్ననూ వెంటబెట్టుకుని అండమాన్ దీవులు తిరిగి రావడానికి ప్లాన్ వేశాను. వానల సంగతి తెలియక కాదు. ఆ రోజుల్లో గదులు సగం ధరకే దొరుకుతాయని.

సగం ధరకు ఎందుకు ఇస్తున్నారో ఆలోచించలేదు. తగ్గిన ధర కనబడగానే అది నా తెలివికి దక్కిన లాభమనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది. అది అక్కడితో ఆగి ఉంటే ఇదంతా రాసేవాణ్ణి కాదు. డబ్బు పోవడం పెద్ద విషయం కాదు, మళ్ళీ కూడబెట్టుకోవచ్చు. ఆ ప్రయాణంలో నేను మిగిల్చాననుకున్న ప్రతి రూపాయినీ నాకు బదులు ఎవరో ఒకరు చెల్లించారు. ఆ సంగతి ఇంటికొచ్చి లెక్కలు తీస్తే గానీ నాకు తెలియలేదు.

ముందు నా ప్లాన్ ఏమిటో చెబుతాను. మాది విశాఖ. చెన్నై, కోల్‌కతాల మాదిరిగానే మన విశాఖ హార్బర్ నుంచి కూడా అండమాన్‌కు ప్రయాణికుల ఓడ ఉంది. ఎప్పుడో గానీ ఉండదు, తేదీ కూడా కాస్త ముందుగానే తప్ప తెలియదు. కానీ బంక్ క్లాసు టికెట్టు విమానం టికెట్టుతో పోలిస్తే బాగా తక్కువ. వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం అనుకున్నాను. ఆ విమానం టికెట్లు కూడా నెలల ముందే చవగ్గా కొన్నాను, వెళ్ళకపోతే పైసా తిరిగి రాని రకం. నడుమ ఉన్న రోజుల్లోకి పోర్ట్‌బ్లెయిర్, హ్యావ్‌లాక్, నీల్, బారాటాంగ్, చివరికి ఉత్తరాన 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న డిగ్లీపూర్, అన్నింటినీ కుదించాను. ఎలాగూ అంత దూరం వెళుతున్నాం, మళ్ళీ ఎప్పుడొస్తామో అనే ఆశ. ఒక్కో దీవికి అయ్యే ఖర్చు ఎంత తగ్గితే అంత గొప్ప అని కూడా అనుకున్నాను. దీవులు పెరిగేకొద్దీ ఆ సగటు తగ్గుతూ వచ్చింది. ఆ అంకె చూసి మురిసిపోయాను.

ఎక్సెల్ షీటులో ఓడ, గది, భోజనం, ఆటో, జెట్టీ నుంచి ఊళ్ళోకి జీపు, అన్నింటికీ గడులున్నాయి. ఒక్క ఖాళీ రోజుకు మాత్రం గడి లేదు. ఒక రాత్రి ఒక దీవిలో, తెల్లారగానే ఇంకో దీవికి. ఏ ఒక్క పడవ కదలకపోయినా దాని వెనకాల ఉన్నవన్నీ పేకమేడలా కూలిపోయే ప్లాన్ అది.

నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆ షీటు ఆయనకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని తేదీలు మాత్రమే చూశారు, రూపాయల వైపు చూడలేదు. "మే ఆఖర్న సముద్రాన్ని నమ్ముకుని తేదీలు పెట్టుకోకూడదురా. మా పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది ఊరికే కాదు" అన్నారు. ఇప్పుడు పెద్ద బోట్లు వచ్చాయనీ, ఉపగ్రహాలున్నాయనీ, వాతావరణం ముందే తెలుస్తుందనీ ఆయనకు నేను పాఠం చెప్పాను. ముందే తెలిస్తే సముద్రం ఆగదు, పడవ ఆగుతుంది. ఆ చిన్న సంగతి నాకు తట్టలేదు. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టి హ్యావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్ళి తీసుకొచ్చాయి. అది కూడా పత్రికల్లో చదివినవాణ్ణే. చదివినదాన్ని నా ప్లానులోకి రానివ్వలేదు.

నాన్నకు ఆ ప్రయాణంలో కావలసింది ఒక్కటే, సెల్యులార్ జైలు. మన్యంలో రంప తిరుగుబాట్లలో పట్టుబడ్డవాళ్ళను కొందరిని అండమాన్‌కు పంపారు. ఆ కథలు ఆయన చిన్నప్పుడు వాళ్ళ తాత దగ్గర విన్నారు. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టిన ఆ జైలుకు మొదట ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ మూడింటిలో తీరిగ్గా నడవాలని ఆయన కోరిక. నా షీటులో దానికి కేటాయించింది ఒక పూట. టికెట్టు తక్కువ కాబట్టి సమయమూ తక్కువ చాలనుకున్నట్టుంది నా మనసు.

ఓడ ఒక రోజు ఆలస్యంగా బయల్దేరింది. ఓడల విషయంలో అది మామూలే. తెలిసినవాళ్ళు ముందూ వెనకా రోజులు వదులుకుని వస్తారు. ఆ రోజు పోవడంతోనే నా షీటు సగం పనికిరాకుండా పోయింది. బంక్ క్లాసంటే ఒక పెద్ద హాలు, వరసగా కిందా పైనా పడకలు. కూలి పనులకు వెళ్ళేవాళ్ళు, బంధువుల ఇళ్ళకు పోయేవాళ్ళు, పిల్లల తల్లులు. మనుషులు మంచివాళ్ళు, ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి పెట్టారు. సముద్రం మాత్రం పొంగి ఉంది. రెండో రోజు నుంచి నాన్న ఏమీ తినలేకపోయారు. నీళ్ళు తాగినా వాంతి. రెండు రాత్రులు నా భార్య ఆయన పక్కనే కూర్చుంది. పైతరగతి క్యాబిన్ తీసుకుని ఉంటే కనీసం ఆయనకు తలుపేసుకుని పడుకునే చోటు దొరికేది. ఆ తేడా డబ్బు నా షీటులో 'మిగులు' అనే గడిలో ఉంది. అది మిగులు కాదు. అది నాన్న ఒంట్లోంచి తీసింది, నా భార్య నిద్రలోంచి తీసింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో హ్యాడో రేవులో దిగేసరికి ఆయన నిలబడలేకపోతున్నారు. ఆ రోజంతా విశ్రాంతి ఇవ్వాలి. కానీ మర్నాడు పొద్దున్నే హ్యావ్‌లాక్ పడవ, అక్కడి గదికి డబ్బు కట్టేశాను. ఏదో ఒకటి వదులుకోవాలి. నేను వదులుకున్నది జైలును. ఆటోలోంచే గేటు చూపించి, వచ్చేటప్పుడు చూద్దాం నాన్నా అన్నాను. ఆయన సరే అన్నారు. ఆ వచ్చేటప్పుడు అన్నది రాలేదు.

అండమాన్‌లో వందల దీవులున్నా జనం ఉండేవి సుమారు ముప్పై. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హ్యావ్‌లాక్‌కూ నీల్‌కూ 2018 డిసెంబరు 30న స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. జెట్టీల దగ్గర జనం నోట ఇంకా పాత పేర్లే వినబడ్డాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్‌కు ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటలు, ప్రైవేటు బోటులో గంటన్నర. ప్రభుత్వ ఫెర్రీ చవక. ప్రైవేటు బోటుకు తలకు వెయ్యి దాటుతుంది. దారి పొడవునా ప్రభుత్వ ఫెర్రీలనే పట్టుకోవాలన్నది నా ప్లానుకు ఆయువుపట్టు. డబ్బు ఎలా మిగల్చాలో తెలిసినవాడు చేసే పని అదేనని స్నేహితులకు కూడా చెప్పాను.

హ్యావ్‌లాక్‌లో రాధానగర్ బీచి సూర్యాస్తమయానికి ప్రసిద్ధి. నా షీటులో 'సాయంత్రం 6, రాధానగర్' అని రాసుకున్నాను. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి. అది మన కాకినాడకు దగ్గర్లోంచి పోయే గీత. అండమాన్ దాదాపు పది డిగ్రీలు ఇంకా తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు ముందే అక్కడ పొద్దు కుంకుతుంది. మే నెలలో ఐదున్నర దాటగానే సూర్యుడు దిగిపోతాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించేవాణ్ణి నేనే. మేం వెళ్ళేసరికి వెలుతురు పోయింది, పైన మబ్బు, అలల్లో దిగకూడదని ఎర్ర జెండాలు. నా కూతురు చెట్ల కింద నిలబడి తడుస్తూ చూసింది. అక్కడ ఇంకో రెండు రోజులుంటే ఏదో ఒక పూట తెరిపి ఇచ్చేది. మాకు ఇంకో రోజు లేదు.

నీల్ చిన్న దీవి. సైకిలు మీద ఒక పూటలో చుట్టేయొచ్చు. ఊళ్ళకు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని పేర్లు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అరటీ వంగా బీరా పండిస్తాయి. ఆ కూరగాయలు పడవలెక్కి పోర్ట్‌బ్లెయిర్‌కు పోతాయి. అక్కడ దిగిన రాత్రే గాలి మొదలైంది. మర్నాడు పొద్దున జెట్టీకి పోతే పడవలు లేవు. ప్రభుత్వానివీ లేవు, ప్రైవేటువీ లేవు. ఆ మర్నాడూ లేవు. నేను టికెట్లు కొన్న విమానం మేము లేకుండానే వెళ్ళిపోయింది. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. గాలి వీస్తుంటే పడవను ఆపినవాళ్ళు సరైన పని చేశారు.

ఇక నా ఒంటి మీద మచ్చలా మిగిలిపోయిన సంగతి చెప్పాలి.

గాలి తగ్గాక పడవలు మళ్ళీ మొదలయ్యాయి. ప్రైవేటు బోటులో సీట్లున్నాయి. నలుగురికి అయ్యే డబ్బు లెక్క వేసుకుని, ఇప్పటికే విమానం డబ్బు పోయింది కదా, ఇక్కడైనా మిగుల్చుదామని, చీకటితోనే లేచి ప్రభుత్వ ఫెర్రీ కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాను. రోజుల తరబడి ఆగిపోయిన జనం. నాకు నాలుగు టికెట్లు దొరికాయి. నా వెనక కొద్ది దూరంలో సీట్లు అయిపోయాయి. అక్కడ నిలబడి ఉన్న ఒక పెద్దావిడ మా మాటలు విని, "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగులో అడిగింది.

అండమాన్‌లో తెలుగువాళ్ళు ఎంతమందో బడిలో చెప్పేవాణ్ణి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఆ అంకెలోంచి ఒక మనిషి ఇలా ఎదురుగా వచ్చి నిలబడింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు, సముద్రం మీద బతికే కుటుంబం. వాళ్ళ పెద్దలు ఎప్పుడో వచ్చేశారట. భర్తను పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. చూపించుకోవలసిన రోజు పడవలు లేక దాటిపోయింది. ఆయన పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళు వాచి ఉన్నాయి. "మాకలవాటే బాబూ. రేపు పోతాం" అంది ఆవిడ. ఆ మాటలో నిష్ఠూరం లేదు.

నాన్న నన్ను పక్కకు పిలిచారు. "మన టికెట్లు రెండు వాళ్ళ పేర మారుస్తారేమో కౌంటర్లో అడుగు. కోడలూ పాపా వెళతారు, నేనూ నువ్వూ రేపు వెళదాం" అన్నారు. విమానం అప్పటికే పోయింది. ఒక రోజు ఆగితే నాకు పోయేది ఇంకో రాత్రి గది అద్దె మాత్రమే. లేదా నలుగురమూ ప్రైవేటు బోటు ఎక్కేయవచ్చు, ఆ నాలుగు సీట్లూ ఆ వరసలో వాళ్ళకే మిగిలేవి. నేను ఒప్పుకోలేదు. "నీ ఒంట్లో బాగాలేదు నాన్నా, మళ్ళీ ఇలాంటి రోజు దొరకదు" అన్నాను. ఆయన ఆరోగ్యం మీద అంత శ్రద్ధే ఉంటే బంక్ క్లాసులో ఎందుకు పడుకోబెట్టాను? ఆ క్షణాన నాకు కావలసింది డబ్బు. దానికి ఆయన వయసును అడ్డం పెట్టుకున్నాను. ఆయనకు అది అర్థమైంది. మారు మాట్లాడలేదు. పోర్ట్‌బ్లెయిర్ చేరేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ ఫెర్రీ ఎందుకు చవకో నేను ఎన్నడూ ఆలోచించలేదు. దీవుల్లో పుట్టి పెరిగినవాళ్ళకు అది బస్సు, అది అంబులెన్సు, అది పరీక్షకు పోయే దారి, అది కూరగాయల బండి. నేల మీద ఉండే మనకు ఒక బస్సు పోతే ఇంకో బస్సు, అదీ లేకపోతే ఆటో, ఏదీ లేకపోతే నడక. వాళ్ళకు నీళ్ళు తప్ప దారి లేదు. అందుకే దీవులవాళ్ళకు టికెట్టు ధర వేరుగా ఇంకా తక్కువ పెట్టారు. ప్రభుత్వం వాళ్ళ కోసం నడుపుతున్న పడవలో, ప్రైవేటు బోటు ఎక్కగలిగిన స్థోమత ఉండీ, నేను నాలుగు సీట్లు తీసుకున్నాను. చట్టం నాకు ఆ హక్కు ఇచ్చింది, టికెట్టు కొనే వెళ్ళాను. అయినా ఆ ఉదయం అక్కడ వేరే దారి ఉన్నది నాకు, లేనిది వాళ్ళకు.

ఇంటికి వచ్చాక ఆ షీటు మళ్ళీ తెరిచాను. వెళ్ళలేకపోయిన బారాటాంగ్ వరస దగ్గర ఆగిపోయాను. అక్కడి సున్నపురాతి గుహలకు రోడ్డు మీద పోతే జరావా తెగవాళ్ళ అడవిలోంచి పోవాలి. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నింటినీ ఆపి, నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. నా షీటులో ఆ వరసలో, 'చూడదగినవి' అనే గడిలో, గుహల తర్వాత నేను రాసుకున్న మాట 'జరావాలు (ఉచితం)'. చదువు చెప్పే నేను రాసిన మాట అది. ఆ తెగలో ఉన్నది కొన్ని వందల మంది. 1999లో వాళ్ళలో తట్టు వ్యాపించింది. బయటి మనుషుల రాకపోకలు వాళ్ళకు ఎంత ప్రమాదమో ఆ దారి గురించి కాస్త చదివినా తెలుస్తుంది. మనుషులను చూడదగినవాటి పట్టీలో చేర్చి, పక్కన ధర వేసి, ధర లేదు కాబట్టి లాభమని రాసుకున్నాను. ఓడ ఒక రోజు ఆలస్యమై ఆ రోడ్డు మీదికి నేను వెళ్ళకుండా చేసింది. నా అంతట నేను మానుకున్నది కాదు గనుక అందులో నా గొప్ప ఏమీ లేదు.

అప్పుడు నాకు తెలిసింది, నా తప్పు సీజను ఎంచుకోవడంలోనో తేదీలు పెట్టడంలోనో మాత్రమే లేదని. ఖర్చంటే నా జేబులోంచి పోయేది ఒక్కటే అనుకున్నాను. ఓడలో తగ్గింది నాన్న భరించారు. గదుల్లో తగ్గింది నా కూతురు వానలో నిలబడి భరించింది. ఫెర్రీలో తగ్గింది ఆ వాచిన కాళ్ళ మనిషి భరించాడు. అడవి దారిలో తగ్గేది ఎవరు భరించేవారో తలుచుకోవడానికి కూడా భయంగా ఉంది. పొదుపు మంచి గుణమని మా అమ్మ నేర్పింది. ఆమె పొదుపంటే తను తినేది తగ్గించుకోవడం. నేను చేసింది అది కాదు.

ఆ పెద్దావిడ పేరు అడగలేదు. ఆమె భర్త మర్నాడైనా ఆసుపత్రికి చేరాడో లేదో తెలుసుకునే దారి లేదు. క్షమాపణ చెప్పగలిగింది నాన్న ఒక్కరికే. చెప్పాను. "జైలు చూపించు, చాలు" అన్నారు.

సంక్రాంతి సెలవుల కోసం ఇప్పుడు కొత్త షీటు వేస్తున్నాను. జనవరిలో ఆ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. గది ధర ఎక్కువ, తెలుసు. అందుకే దీవులు తగ్గించాను. పోర్ట్‌బ్లెయిర్, నీల్, అంతే. రానూపోనూ విమానమే, అదీ తేదీ మార్చుకోగల టికెట్టు. నీల్ నుంచి తిరిగి వచ్చిన రోజుకూ విమానం రోజుకూ నడుమ రెండు రోజులు ఖాళీ. ఆ రెండు రోజులూ నాన్నవి, జైలుకు. దీవికి పోయి వచ్చేది ప్రైవేటు బోటులో. పనులన్నీ తెల్లారుజామున మొదలుపెట్టి, సాయంత్రం ఐదు లోపు ముగించేలా రాసుకున్నాను. ఇన్ని దీవులు వదిలేస్తే మొత్తం ఖర్చు పోయినసారి అనుకున్నదానికి పెద్ద దూరంలో లేదు. ఒకవేళ ఈ సంక్రాంతికి డబ్బు చాలకపోతే వచ్చే సంక్రాంతికి వెళతాం. దీవులు ఎక్కడికీ పోవు.

ఈ షీటులో రూపాయల గడి పక్కన ఇంకో గడి గీశాను. ఎక్కడ ఏది చవగ్గా దొరికినా, ఆ తగ్గింపు ఎవరి మీద పడుతోందో అందులో రాయాలి. నా పేరు రాయగలిగితే ఆ తగ్గింపు తీసుకుంటాను. ఇంకొకరి పేరు రాయవలసి వస్తే పూర్తి ధర కడతాను, కట్టలేకపోతే ఆ వరస కొట్టేస్తాను.